కోసిన కూర ఆగదు: రైతు బజారు వెనక ఉన్న కథ

తోటకూరను తెల్లవారకముందే కోస్తారు. ఎండెక్కాక కోస్తే కట్ట కట్టేలోపే ఆకు వాలిపోతుంది. అందుకే తలకు టార్చిలైటు కట్టుకుని రాత్రి రెండింటికే మడిలోకి దిగుతారు. వేర్లకున్న మట్టి పోయేలా కడిగి, తడిపిన అరటినారతో కట్టలు కట్టి, పైన తడి గోనె కప్పి ఆటో ఎక్కిస్తారు. అప్పటి నుంచి గడియారంతో పోటీ. ఆరింటికి పలికిన ధర పదింటికి పలకదు. మధ్యాహ్నం దాటితే అడిగినవారు చెప్పిందే ధర.

కూరగాయల రైతు కష్టం గురించి మాట వచ్చినప్పుడల్లా మనం దళారిని తిట్టి ఊరుకుంటాం. తిట్టడంలో తప్పు లేదు. 2024లో వచ్చిన రిజర్వు బ్యాంకు పరిశోధన పత్రం ప్రకారం, టమాటా మీద మనం పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలు. ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37. కానీ ఈ వాటా ఇంతగా ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలంటే దళారి దగ్గర ఆగిపోకూడదు, ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. మన మార్కెట్లను, వాటి చట్టాలను ఎవరు ఏ పంట కోసం కట్టారో చూడాలి. అవి నిలవ ఉండే పంటల కోసం కట్టినవి. నిలవ ఉండని పంటను తరువాత తెచ్చి అందులో ఇరికించారు.

అన్నిటికంటే ముందు ఉన్నది సంత. సంతమాగులూరు, సంతనూతలపాడు, సంతబొమ్మాళి, సంతకవిటి లాంటి ఊళ్ల పేర్లలోనే అది మిగిలి ఉంది. తెలంగాణలో దీన్నే అంగడి అంటారు. వారానికి ఒక్కరోజు జరిగేది. ఆరు రోజులు పొలంలో ఉండి, ఏడో రోజున గంప నెత్తిన పెట్టుకుని వెళ్లి, సొంత నోటితో బేరమాడి, కొసరు వేసి, చీకటి పడేలోపు ఇల్లు చేరేవారు. గంపకు ఇంతని ఆశీలు కట్టాలి. ఆ వసూలు హక్కును పంచాయతీలు ఏటా వేలం వేస్తాయి, ఈ వేలం నేటికీ ఉంది. సంతలో అన్యాయం జరగలేదని అనను. అయితే ఆ పద్ధతి రైతు వారాన్ని లెక్కలోకి తీసుకుంది. పండించే రోజులకూ అమ్మే రోజుకూ మధ్య ఒక గీత ఉండేది.

చట్టాల కథ పత్తితో మొదలైంది. హైదరాబాద్‌లోని బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంటు, పాలనలో ఉన్న బేరారు ప్రాంతంలో (ఇప్పటి మహారాష్ట్ర), కారంజా అనే ఊళ్లో 1886లో మొదటి నియంత్రిత మార్కెట్ పెట్టారు. 1897లో బేరారు పత్తి, ధాన్యం మార్కెట్ల చట్టం వచ్చింది. ఇంగ్లాండు మిల్లులకు మంచి పత్తి సరైన తూకంతో చేరాలన్నది అప్పటి పాలకుల ఆరాటం. వ్యవసాయంపై రాయల్ కమిషన్ 1928లో నియంత్రిత మార్కెట్లు అంతటా రావాలని సిఫార్సు చేశాక, 1930లో నిజాం రాజ్యం, 1933లో మద్రాసు ప్రభుత్వం తమ తమ చట్టాలు తెచ్చుకున్నాయి. మద్రాసు చట్టం పేరులోనే వాణిజ్య పంటలు అని ఉంది. ఆ రెండు దారులనూ కలుపుతూ 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చింది. వ్యవసాయ మార్కెట్ కమిటీలు, యార్డులు, లైసెన్సులు దాని నుంచి వచ్చినవే.

పత్తి బస్తాను గోదాములో వేసి నెల ఆగవచ్చు. వేరుశనగనూ ఆపవచ్చు. ధర నచ్చకపోతే బండి వెనక్కి తిప్పుకునే వీలున్న రైతుకు యార్డు నిజంగా రక్షణ. వంకాయ రైతుకు బండి తిప్పే వీలు లేదు. ఇంటికి తీసుకెళ్లిన వంకాయ మర్నాటికి ముడతలు పడుతుంది, ఆ ధర కూడా రాదు. ఆగలేనివాడికీ ఆగగలిగినవాడికీ ఒకే వేలంపాట పెట్టిన చోట ఎవరు గెలుస్తారో వేరే చెప్పక్కరలేదు.

ఇక్కడే కమీషన్ ఏజెంటు వచ్చి కూర్చున్నాడు. అతను రైతుకు ఏం ఇచ్చాడో నిజాయితీగా చెప్పుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి గంపలు దించితే పాట అయిపోతుంది, కాటా వేస్తారు, కమీషన్, హమాలీ, తరుగు పోను మిగిలింది చిట్టీ మీద రాసి చేతిలో పెడతారు. ఏడింటికల్లా రైతు మళ్లీ తోటలో నీళ్లు పారిస్తుంటాడు. పైగా దొండ పందిరికి కర్రలు కావాలన్నా, విత్తనం తేవాలన్నా, ఇంట్లో పెళ్లి వచ్చినా అడ్వాన్సు ఇచ్చేది ఆ ఏజెంటే. తీసుకున్నాక పంట మొత్తం అతని కొట్టుకే రావాలి. ధర మీద గొంతెత్తే హక్కు ఆ రోజే పోతుంది. రైతు అమ్ముకున్నది కూరగాయల్ని మాత్రమే కాదు, బేరమాడే అవకాశాన్ని కూడా. అందుకు బదులుగా పొందింది సమయం.

దీన్ని మార్చాలనే 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం, రైతే కొనేవారికి నేరుగా అమ్ముకునే రైతు బజార్లు మొదలుపెట్టింది. పంజాబ్‌లో 1987 నుంచే ఇలాంటి ‘అప్నీ మండీ’ నడుస్తోంది. మన తరువాత, అదే ఏడాది నవంబరు 14న, తమిళనాడులోని మదురైలో ఇలాంటిదే ‘ఉళవర్ సందై’ తెరిచారు. రైతు బజారులో పద్ధతి సూటిగా ఉంటుంది: అధికారులు పంట చూసి రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు, స్టాలుకు అద్దె లేదు, పొద్దున్నే ధరల బోర్డు రాస్తారు. ఆ ధర టోకు ధరకు పైన, బయటి చిల్లర ధరకు కింద ఉంటుంది. గంపలు తేవడానికి ఆర్టీసీ బస్సులు నడిపారు. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, విశాఖ ఎం.వి.పి. కాలనీ లాంటి చోట్ల ఈ బజార్లు పట్టణ జీవితంలో భాగమైపోయాయి.

దీన్ని నేను చాలా మంచి పనిగా భావిస్తాను. డబ్బు ఆ రోజే, ఆ చేతికే వస్తుంది. తన కూర తిన్న మనిషి మళ్లీ వచ్చి “నిన్నటి బీరకాయ లేతగా ఉందమ్మా” అంటే ఆ రైతు ముఖంలో కనిపించే తృప్తి ఏ యార్డు చిట్టీలోనూ దొరకదు.

అయితే లెక్కలో ఒకటి తప్పిపోయింది. సంత వారానికి ఒకరోజు, పాట రెండు గంటలు, రైతు బజారు రోజంతా. అరెకరంలో ఆకుకూరలు వేసిన ఇంట్లో ఉండేది ఇద్దరు మనుషులు. ఒకరు స్టాల్లో కూర్చుంటే కలుపు తీసేవారు ఉండరు, ఇద్దరూ తోటలో ఉంటే అమ్మేవారు ఉండరు. చాలా ఇళ్లలో రాత్రి కోత ఇద్దరిదీ, పగటి అమ్మకం ఆడవారిది, సాయంత్రం మళ్లీ వంట వారిదే. టోకు ధరకూ బోర్డు ధరకూ మధ్య మిగిలే తేడాలో ఈ మనిషి కూలి ఎంతో ఎవరూ రాసుకోరు. రాసుకుంటే కొన్ని రోజుల్లో ఏజెంటుకు వేయడమే నయమనిపిస్తుంది. అలా ఖాళీ అయిన స్టాలులో మారుబేరగాళ్లు వచ్చి కూర్చుంటారు, టోకు మార్కెట్లో కొన్న సరుకును రైతు పేరుతో అమ్ముతారు. బినామీ రైతులని అప్పుడప్పుడూ తనిఖీలు జరుగుతాయి, కొన్ని కార్డులు రద్దవుతాయి. ఖాళీ ఎందుకు ఏర్పడిందన్నది మాత్రం అలాగే ఉండిపోతుంది.

కార్డు కథ ఇంకొకటి. పొలం కాగితాలున్నవారికి అది సులువు. పట్టణాల చుట్టుపక్కల కూరగాయలు వేసేవారిలో కౌలు రైతులు ఎక్కువ, చేతిలో పాసుపుస్తకం ఉండదు. కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వడానికి 2011లో, సాగుదారు హక్కు పత్రాల కోసం 2019లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టాలు వచ్చాయి. 2019 చట్టం కింద పత్రానికి భూ యజమాని సమ్మతి కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, అడిగితే కౌలు పోతుందేమోనని రైతు భయం.

ధర విషయానికొస్తే, వరికీ పత్తికీ ఉన్న మద్దతు ధర కూరగాయలకు లేదు. టమాటా, ఉల్లి, బంగాళాదుంప కోసం కేంద్రం 2018-19 బడ్జెట్లో ‘ఆపరేషన్ గ్రీన్స్’ పేరుతో 500 కోట్లు ప్రకటించింది. కేరళ 2020 నవంబరు 1 నుంచి 16 రకాలకు కనీస ధర నిర్ణయించింది. ఇవన్నీ ఉండగానే 2023 జులైలో దుకాణాల్లో కిలో 100 రూపాయలు దాటిన టమాటా, సెప్టెంబరుకు రోడ్డు పక్కన పారబోసే సరుకైంది.

ఒకే ఊరి రైతులు ముగ్గురు వంతులు వేసుకున్నారని అనుకుందాం. ఈ రోజు ఒకామె ముగ్గురి కూరలూ తెచ్చి అమ్ముతుంది, మిగతా ఇద్దరూ తోటలో ఉంటారు, రేపు మరొకరు. సంత రోజుల్లో దొరికిన తీరిక తిరిగి దొరుకుతుంది, ఏజెంటు అడ్వాన్సూ అక్కర్లేదు. కానీ తనిఖీ అధికారి వచ్చి చూస్తే, ఆమె ముందున్న మూడు గంపల్లో రెండు ఆమె పొలంలో పండినవి కావు. కార్డు మీద ఉన్నది ఒక్క ఫొటోయే. ఆ ఉదయం కాగితం లెక్క ప్రకారం ఆమె కూడా మారుబేరం చేస్తున్నట్టే.