నమిలినంత మేరకే బాదం

బాదంపప్పు ప్యాకెట్ వెనుక 28 గ్రాములకు, అంటే సుమారు 23 గింజలకు, 160కి పైగా కేలరీలని రాసి ఉంటుంది. ఆ అంకె చూసి బరువు పెరుగుతామని వెనక్కి తగ్గేవారు చాలామంది. నిజానికి ఆ కేలరీలన్నీ మన ఒంటికి పట్టవు. ఎన్ని పడతాయన్నది చాలావరకు మన పళ్ల చేతిలో ఉంది.

ప్యాకెట్ మీది లెక్క 19వ శతాబ్ది చివర అమెరికన్ శాస్త్రవేత్త విల్బర్ అట్‌వాటర్ కట్టినది. గ్రాము మాంసకృత్తులకు 4 కేలరీలు, పిండిపదార్థాలకు 4, కొవ్వుకు 9. అన్ని ఆహారాలకూ దాదాపు ఇదే సూత్రం. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రం ఈ సూత్రాన్ని పక్కనపెట్టి, 2012లో ప్రచురించిన పరిశోధనలో బాదాన్ని నేరుగా కొలిచింది. 18 మంది ఆరోగ్యవంతులకు తూచిన భోజనం పెట్టారు. కొన్నాళ్లు బాదం లేకుండా, కొన్నాళ్లు రోజుకు 42 గ్రాములు, మరికొన్నాళ్లు 84 గ్రాములు ఇచ్చారు. వారి మలమూత్రాలను సేకరించి, ఎంత శక్తి వాడకుండానే బయటికి పోయిందో చూశారు. ఎవరూ సరదాపడి చేసే పని కాదు గానీ, ఇంతకంటే నికరమైన దారి లేదు. 28 గ్రాముల బాదం నుంచి ఒంటికి అందింది సుమారు 129 కేలరీలేనని తేలింది.

మిగతావి ఏమైనట్టు? బాదం గింజ బరువులో దాదాపు సగం నూనె. ఆ నూనె సన్నని బిందువులుగా కణాల లోపల ఉంటుంది, ప్రతి కణం చుట్టూ పీచుతో కట్టిన గోడ ఉంటుంది. మన జీర్ణరసాలకు ఆ పీచును అరిగించే శక్తి లేదు. అందుకే పళ్ల మధ్య నలిగి పగిలిన కణాల నూనె మాత్రమే సులువుగా బయటపడుతుంది. ఎంత శ్రద్ధగా నమిలినా గింజ పిండి కాదు, నూకలవుతుంది. ఒక్కో నూకలో తెరుచుకోని కణాలు ఎన్నో. అవి అలాగే చిన్నపేగు దాటి పెద్దపేగుకు చేరతాయి. అక్కడి సూక్ష్మజీవులకు ఆ పీచే మేత.

అదే కేంద్రం 2016లో మరో మెట్టు ఎక్కింది. వేయించని గింజల నుంచి లెక్క కంటే సుమారు 25 శాతం తక్కువ శక్తి అందింది, వేయించిన వాటి నుంచి 19 శాతం తక్కువ. వెన్నలా మెత్తగా రుబ్బిన బాదం ముద్ద దగ్గర మాత్రం తేడా కనిపించలేదు. కణాల గోడలను రుబ్బడంలోనే కూల్చేశారు మరి. కాబట్టి బాదం హల్వా తినేవారు ఈ రాయితీ అడగకూడదు. దానిలోని పంచదార సంగతి సరేసరి.

గుండె విషయానికొస్తే, బాదంలోని కొవ్వులో ఎక్కువ భాగం గుండెకు మేలైనదిగా చెప్పే ఏక అసంతృప్త (మోనో అన్‌శాచురేటెడ్) రకం. రోజూ తింటే చెడు కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గుతుందని అనేక ప్రయోగాలు చూపాయి. కొద్దిగానే, మందు బిళ్ల మానేయదగినంత కాదు. 2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ గింజల ప్యాకెట్ల మీద గుండె జబ్బుల ప్రస్తావనకు అనుమతిస్తూనే, ఆధారాలు దీన్ని సూచిస్తున్నాయి తప్ప రుజువు చేయడం లేదని కూడా రాయాలని మెలిక పెట్టింది. ప్రకటనల్లో రెండో సగం ఎప్పుడూ వినిపించదు.

ఢిల్లీలో మధుమేహం అంచున ఉన్న 60 మందితో చేసిన పరిశోధన 2023లో వెలువడింది. మూడు పూటలా భోజనానికి అరగంట ముందు 20 గ్రాముల బాదం తింటే, భోజనం తర్వాత రక్తంలో చక్కెర తక్కువగా పెరిగింది. ఆసక్తికరమైన ఫలితమే. అయితే దీనికి నిధులిచ్చింది కాలిఫోర్నియా బాదం మండలి. బెల్ట్స్‌విల్ కొలతల ఖర్చులోనూ ఆ మండలి పాలుపంచుకుంది. అంతమాత్రాన ఫలితాలు అబద్ధమని కాదు, అమ్మేవాడే తూకం వేసినప్పుడు కొనేవాడు ముల్లు వైపు కాస్త పరీక్షగా చూడాలి.

రాత్రి నానబెట్టి, పొద్దున తొక్క తీసి పిల్లలకు పెట్టడం మన ఇళ్లలో ఆచారమైపోయింది. నానితే గింజ మెత్తబడుతుంది, పళ్లు లేని పెద్దలకు ఆ సౌకర్యం చిన్నదేమీ కాదు. పోషకాలు పెరుగుతాయన్న మాటకు మాత్రం బలం లేదు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశీలిస్తే, ఖనిజాలను అడ్డుకునే ఫైటేట్లు నానబెట్టినందువల్ల పెద్దగా తగ్గలేదు. పాలీఫినాల్స్ అనే మేలు చేసే మొక్కల పదార్థాలు ఎక్కువగా ఉండే తొక్కను మనం తీసి పారేస్తాం. ఇక బాదంతో పిల్లల జ్ఞాపకశక్తి పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పరీక్షల ముందు వాళ్లను బాదంతో వేధించనక్కర్లేదు. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు గుప్పెళ్లకొద్దీ తినకపోవడమే మేలు, ఈ గింజల్లో ఆక్సలేట్లు ఎక్కువ.

బాదం కొనడం భారమైతే? 100 గ్రాముల బాదంలో సుమారు 21 గ్రాముల మాంసకృత్తులుంటే, అనంతపురం చేలలో పండే పల్లీలో 25 గ్రాములుంటాయి. కొవ్వు రెండింటిలోనూ దాదాపు సమానం. బి విటమిన్లలో ఒకటైన ఫోలేట్‌లో పల్లీదే పైచేయి. విటమిన్ ఇ, కాల్షియం, పీచులో బాదానిది. కణాల గోడల కథ కూడా కొత్తది కాదు. గింజగా తిన్న పల్లీ కొవ్వు మలంలో ఎక్కువగా పోతుందని, వెన్నగా, నూనెగా తీసుకుంటే తక్కువగా పోతుందని 1980లోనే ఒక అమెరికన్ ప్రయోగం చూపింది. పల్లీలు కొనేటప్పుడు ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు వాసన వేసేవి మాత్రం ఏరి పారేయాలి. వాటిలో కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండవచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు.