చిట్టెలుక మీసాలు, మెదడులో వాటి పటం

చిట్టెలుక ముఖానికి ఒక్కో వైపున పెద్ద మీసాలు ఐదు వరుసల్లో ఉంటాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో థామస్ వూల్సీ, హెండ్రిక్ వాన్ డెర్ లూస్ ఆ ఎలుక మెదడులో స్పర్శను గ్రహించే, వెలుపలి భాగమైన కార్టెక్స్‌ను పలుచగా కోసి, రంగు ఎక్కించి మైక్రోస్కోపులో పరిశీలించినప్పుడు, నాలుగో పొరలోని నాడీకణాలు చిన్న చిన్న పీపాల్లా గుంపులు కట్టి, సరిగ్గా మీసాల వరుసల క్రమంలోనే కనిపించాయి. ఒక్కో మీసానికి ఒక్కో పీపా. 1970లో ఈ పరిశీలనను ప్రకటిస్తూ వారు వాటికి బ్యారెల్స్ అనే పేరు పెట్టారు.

ఇంత కచ్చితమైన పటాన్ని మెదడు తనంతట తానే గీసుకుంటుందా, లేక మీసాలే గీయిస్తాయా? 1973లో వారిద్దరూ సైన్స్ పత్రికలో ఇచ్చిన సమాధానం నేటికీ ఈ రంగానికి పునాది. అప్పుడే పుట్టిన పిల్లల్లో ఒక వరుస మీసాల కుదుళ్లను నాశనం చేస్తే, పెద్దయ్యాక ఆ వరుసకు చెందిన పీపాలు విడివిడిగా ఏర్పడక సన్నని పట్టీగా కలిసిపోయాయి, ఇరుపక్కల వరుసలు ఆ చోటులోకి విస్తరించాయి. తర్వాతి పరిశోధనల్లో తేలినదేమిటంటే, ఇదే గాయం వారం రోజుల వయసులో తగిలితే పటం చెక్కుచెదరదు. గాయానికి పటం మారే గడువు పుట్టిన నాలుగు రోజులకే దాదాపు ముగుస్తుంది.

డేవిడ్ హ్యూబెల్, టార్స్టన్ వీజెల్ 1960లలో పిల్లికూనల ఒక కన్ను మూసి, చూపు అనుభవం కరవైతే మెదడులో దాని అమరిక మారుతుందని చూపిన ప్రయోగాలు అప్పటికే ప్రసిద్ధం కావడంతో, ఇక్కడా అనుభవ లోపమే కారణమని అనుకోవడం సహజం. నా దృష్టిలో అసలు మెలిక ఇక్కడే ఉంది. కుదురును, నాడిని ముట్టుకోకుండా మీసాన్ని మాత్రమే పీకేస్తూ వస్తే పీపాలు మామూలుగానే ఏర్పడతాయి. వాటిలోని కణాల స్పందనలు మాత్రం మారతాయి. అంటే పటం ఆకారాన్ని చెరిపేది నాడికి తగిలిన గాయమే తప్ప స్పర్శ కరవు కాదు. ముఖం నుంచి మెదడు కాండానికి, అక్కడి నుంచి మెదడు లోపల సంకేతాలను పైకి అందించే థాలమస్‌కు, చివరికి కార్టెక్స్‌కు మీసాల అమరిక మెట్టు మెట్టుగా చేరుతుంది గనుక, మొదటి మెట్టు విరిగితే పైవన్నీ తప్పుతాయి. పైగా శైశవంలో నాడి తెగితే ముఖంలోని స్పర్శను మోసే కణాల్లో చాలా భాగం చనిపోతాయి.

పెద్ద జంతువుల సంగతి వేరు. చేతి నాడి తెగిన కోతుల కార్టెక్స్‌లో పక్క చర్మభాగాల స్పందనలు ఖాళీ చోటును ఆక్రమిస్తాయని 1980లలో మైకేల్ మెర్జెనిక్, జాన్ కాస్ చూపించారు. కాబట్టి ఎలుకలో నాలుగు రోజులకు మూసుకుపోయేది పీపాల కట్టడానికున్న గడువే గాని, స్పందనలు చోటు మార్చుకునే వీలు కాదు.