గీకాల్సింది ఆ నల్ల చుక్కల దగ్గరే

"మా నాన్న కుడి కాలి మీద పులిపిరిలా మొదలైంది. ఎనిమిదేళ్లలో కాలీఫ్లవర్ పువ్వంత అయింది. సున్నం, సోడా కలిపి పెట్టాం, తగ్గలేదు. చర్మపు టీబీ అని ఒకరు, కేన్సరేమో అని ఇంకొకరు. ఏమై ఉంటుందండీ?" అని గుంటూరు పక్క పల్లె నుంచి ఒకబ్బాయి అడిగాడు. చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదు. కానీ చివర్లో అతను రాసిన మాట దగ్గర ఆగిపోయాను: "పైన మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలున్నాయి."

క్రోమోబ్లాస్టోమైకోసిస్ అనే జబ్బుంది. తామరలా పైపైన పాకేది కాదు. ముల్లుతో పాటు చర్మం లోపలికి దిగే బూజు. మిరప చేలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకు తుమ్మ ముల్లు కొత్తా? పీకి పారేసి పనిలో పడతారు. మచ్చ తేలేనాటికి ఆ ముల్లు ఎవరికీ గుర్తుండదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు కాబట్టి కంచం వేరు చేయక్కర్లేదు.

మట్టిలో ఈ బూజు దారప్పోగులా సాగుతుంది. ఒంట్లోకి రాగానే దారం మానేసి గోడ కడుతుంది. కణం ఓసారి అడ్డంగా, ఓసారి నిలువుగా చీలుతుంది, ముక్కలు మాత్రం విడిపోవు. మైక్రోస్కోపులో అచ్చం ఇటుకలు పేర్చినట్టే. ప్రతి ఇటుకకీ మందమైన పెంకు, ఆ పెంకులో మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం. తెల్ల రక్తకణాలు చిమ్మే ఘాటైన ఆక్సిజన్ రసాయనాలను ఆ మెలనిన్ తాగేస్తుంది. ఇటుక చావదు, యుద్ధం ఆగదు, మధ్యలో కాలు గడ్డకడుతుంది.

చంపలేని ఇటుకను చర్మం మెల్లగా పైకి తోసేస్తుంది, విరిగిన ముల్లును తోసినట్టే. ఎండిన రక్తం, చచ్చిన కణాలు, వాటిలో బూజు: అదీ నల్ల చుక్క. అంటే శరీరమే శాంపిల్ తీసి గుమ్మంలో పెట్టిందన్నమాట! అక్కడ గీకిన పొట్టు మీద 10–20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే పొట్టు కరుగుతుంది, ఇటుకలు కరగవు. రంగు అద్దే పని కూడా లేదు, అవి పుట్టుకతోనే గోధుమరంగు. పుస్తకాల్లో 'రాగి నాణేలు' అంటారు. మాకు ఆ మాట బట్టీ పట్టించారు గానీ గీకాల్సింది ఎక్కడో ఒక్కరూ చెప్పలేదు.

ఇటుకను చూసి బూజు జాతి చెప్పలేం. ఫోన్సెకియానా, క్లాడోఫియలోఫోరానా అన్నది కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో బూజును పెంచి చూస్తేనే తేలాలి, దానికి వారాలు పడుతుంది. బయాప్సీ కూడా కావాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి వదిలేస్తే నిజంగానే కేన్సర్‌గా మారొచ్చు.

మందు సాధారణంగా ఇట్రాకొనజోల్, రోజుకు 200–400 మిల్లీగ్రాములు, ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మధ్యమధ్య లివర్ పరీక్షలు. మచ్చ చిన్నదైతే కోసి తీసేస్తారు, లేదా ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు. ఈ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, అందుకే అన్నం తిన్నాక వేసుకోమంటారు. మన వైపు పరగడుపున గ్యాస్ మాత్ర మింగని ఇల్లేదీ? ఆ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తే ఇంత ఖరీదైన మందూ ఒంటికి సరిగా పట్టదు.

కాబట్టి బాబూ, నాన్నను చర్మ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లు. గ్యాస్ మాత్ర వాడుతున్నారేమో చెప్పు. వెళ్లేముందు సున్నం గిన్నం పూయకండి. ఆ చుక్కలు గీకడానికి మిగలాలి.