పాత వ్యాన్, వెనక ట్రైలర్: అపోహలు - వాస్తవాలు

ఫోర్డ్ ఎకనొలైన్, షెవీ ఎక్స్‌ప్రెస్, 2003తో ఆగిపోయిన డాడ్జ్ రామ్ వ్యాన్. అమెరికాలో పాత కన్వర్షన్ వ్యాన్లంటే ముందు గుర్తొచ్చేవి ఇవే. లోపల నాలుగు కెప్టెన్ కుర్చీలు, మంచంలా పరుచుకునే సోఫా, బానెట్ కింద వీ8 ఇంజిన్. వెనక ఓ క్యాంపర్ (పడకలున్న ట్రైలర్) తగిలించుకుని కుటుంబమంతా యెల్లోస్టోన్ వెళ్లొద్దామంటే ఇంతకు మించి ఏం కావాలి అనిపిస్తుంది. బండి లాగుతుంది, అందులో సందేహం లేదు. మోయడం, ఆగడం, తిన్నగా నడవడం, ఈ మూడింటి దగ్గరే లెక్క తప్పుతుంది.

అపోహ: బ్రోషర్లో 6,500 పౌండ్లని రాసుంది, కాబట్టి 6,500 పౌండ్ల ట్రైలర్ లాగొచ్చు.

వాస్తవం: ఆ అంకె దాదాపు ఖాళీ బండికి వేసిన లెక్క. పైగా టోయింగ్ పరీక్షకు ఎస్ఏఈ జే2807 అనే ఉమ్మడి ప్రమాణాన్ని కంపెనీలు పాటించడం మొదలైందే 2010 తర్వాత. అంతకు ముందు ఎవరి కొలత వాళ్లది.

చూడాల్సింది బ్రోషర్ కాదు, డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్. అందులోని జీవీడబ్ల్యూఆర్ అంటే బండి, మనుషులు, సామాను, ట్రైలర్ ముక్కు బండి మీద మోపే బరువు అన్నీ కలిపి దాటకూడని హద్దు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ విడివిడి హద్దులు కూడా అక్కడే ఉంటాయి. ట్యాంకు నింపి, డ్రైవర్ కూర్చుని, ట్రక్ స్టాప్‌లో కాటా మీద తూకం వేయించండి. సోఫా, చెక్క పని, ఎత్తు టాప్ ఎంత తిన్నాయో కాటా మీదే తేలుతుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు తీసుకుందాం. జీవీడబ్ల్యూఆర్ 7,000 పౌండ్లు. కాటా మీద 5,900 వచ్చింది. మిగిలింది 1,100. భార్య, ఇద్దరు పిల్లలు 350, సామాను 200, హిచ్ (ట్రైలర్ తగిలించే అమరిక) సరంజామా 100. ఇక మిగిలింది 450 పౌండ్లు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద పడాలి. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. 12.5 శాతం అనుకుంటే ఆ 450కి సరిపడే ట్రైలర్ 3,600 పౌండ్లు, అంటే సుమారు 1,630 కిలోలు. బ్రోషర్ చెప్పిన దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

అపోహ: టంగ్ వెయిట్ 450 అయితే వెనక ఇరుసు మీద పడేదీ 450యే.

వాస్తవం: ట్రైలర్ ముక్కు కూర్చునే హిచ్ బంతి ఇరుసు మీద లేదు, దానికి చాలా వెనక ఉంది. తక్కెడలాగే ఇక్కడా బరువు దూరాన్ని బట్టి పెరుగుతుంది. ఫోర్డ్ ఈ-సిరీస్ (ఎకనొలైన్) వీల్‌బేస్, అంటే ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం, 138 అంగుళాలు. బంతి వెనక ఇరుసుకు 55 అంగుళాల దూరంలో ఉందనుకుంటే 450 పౌండ్లు వెనక ఇరుసు మీద 629 అవుతాయి, ముందు ఇరుసు 179 పౌండ్లు తేలికవుతుంది. ఎక్స్‌టెండెడ్ బాడీకి వీల్‌బేస్ అదే, తోక మాత్రం 20 అంగుళాలు ఎక్కువ. అప్పుడు ముందు నుంచి ఎత్తేసేది 245 పౌండ్లు. పొడుగు వ్యాన్ అయితే ట్రైలర్‌కు మేలు అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. స్టీరింగ్ తేలిపోతున్నట్టు అనిపించేది, రాత్రి హెడ్‌లైట్లు ఆకాశం చూసేది ఇందుకే.

అపోహ: వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెడితే బండి మోసే శక్తి పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. స్ప్రింగ్ బార్లు చేసేది పంపకం: వెనక పడిన బరువులో కొంత ముందు ఇరుసుకు, కొంత ట్రైలర్ ఇరుసులకు తోస్తాయి. జీవీడబ్ల్యూఆర్ అలాగే ఉంటుంది. రిసీవర్ (వ్యాన్ వెనక హిచ్ దూర్చే గొట్టం) మీది స్టిక్కర్‌లో రెండు వరుసలుంటాయి, బార్లు లేకుండా ఎంత, బార్లతో ఎంత అని. ఆ రెండో వరుస రిసీవర్ సంగతి చెబుతుంది, వ్యాన్ సంగతి కాదు.

బిగించే పద్ధతి: సామానంతా ఎక్కించి, ట్రైలర్ తగిలించక ముందు, ముందు చక్రం మీద ఫెండర్ అంచు నేలకు ఎంత ఎత్తో కొలవండి. ట్రైలర్ తగిలించి, బార్లు లేకుండా మళ్లీ కొలవండి. అది రెండు అంగుళాలు లేచిందనుకుంటే, బార్లు వేశాక కనీసం అంగుళమైనా దిగాలి. కచ్చితంగా ఎంత దిగాలో మీ బండి మాన్యువల్ చెబుతుంది. ముందు భాగం మొదటికంటే కిందికి వస్తే బార్లు అతిగా బిగించినట్టు. అప్పుడు వెనక చక్రాలకు పట్టు తగ్గి, తడి రోడ్డు మలుపులో తోక పక్కకు జారుతుంది.

అపోహ: ట్రైలర్ ఊగితే బ్రేక్ తొక్కాలి. లేదా కాస్త వేగం పెంచితే సర్దుకుంటుంది.

వాస్తవం: రెండూ ప్రమాదమే. వ్యాన్ బ్రేక్ గట్టిగా తొక్కితే ట్రైలర్ వెనక నుంచి నెట్టుకొస్తుంది. యాక్సిలరేటర్ వదిలేయండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, ట్రైలర్ బ్రేకులను నడిపే పెట్టె, అంటే బ్రేక్ కంట్రోలర్‌కున్న చేతి మీటను నొక్కండి. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడితే అది వెనక్కి లాగి తిన్నగా సాగుతుంది. ఆ మీట చీకట్లో కూడా చేతికి తడిమితే దొరికేలా అమర్చుకోవాలి.

ఊగడానికి ముఖ్య కారణం ముక్కు తేలికవడం. సామాను బరువులో 60 శాతం ట్రైలర్ ఇరుసుకు ముందు ఉండాలి. సైకిళ్లు, జనరేటర్ వెనక బంపర్‌కు వేలాడదీయడం ఎంత చెడ్డదో చాలామందికి తెలుసు. నీళ్ల ట్యాంకు సంగతే ఎవరికీ గుర్తుండదు. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. ఇరుసు వెనకున్న 30 గాలన్ల ట్యాంకు నింపితే 250 పౌండ్లు తోక మీద కూర్చున్నట్టు.

టంగ్ వెయిట్ ఇంట్లోనే తూచొచ్చు. బాత్రూమ్ తూకం యంత్రం, అంతే ఎత్తున్న ఇటుక ఒకటి మూడడుగుల ఎడంలో పెట్టి, మీద గట్టి చెక్క పలక పరచండి. ట్రైలర్ ముక్కును ఇటుకకు ఒక అడుగు, యంత్రానికి రెండు అడుగుల దూరంలో దించండి. వచ్చిన అంకెను మూడుతో గుణిస్తే సరి. చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టడం మరవొద్దు.

అపోహ: ఎయిర్ బ్యాగులు, హెల్పర్ స్ప్రింగులు వేస్తే ఎక్కువ బరువు వేయొచ్చు.

వాస్తవం: వెనక వంగిపోవడం ఆగుతుంది, అంతే. ఇరుసు, బ్రేకులు, టైర్లు పాతవే. టైర్ల దగ్గర ఇంకో మెలిక: సైజుకు ముందు పీ అక్షరం ఉన్న కారు టైరును వ్యాన్‌కు వేస్తే, గోడ మీద రాసిన సామర్థ్యాన్ని 1.10తో భాగించాలి. 2,200 పౌండ్లన్న టైరు 2,000కే లెక్క. ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లు వేయించడం మంచి ఖర్చు. ట్రైలర్ టైర్లు ట్రెడ్ అరగక ముందే వయసుతో పోతాయి. టైరు గోడ మీది డాట్ కోడ్ చివరి నాలుగంకెలు 2319 అయితే అది 2019లో 23వ వారం తయారైంది. ఆరేళ్లు దాటితే మార్చేయండి.

అపోహ: వ్యాన్ బ్రేకులు పెద్దవి, ట్రైలర్‌కు విడిగా అక్కర్లేదు.

వాస్తవం: చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటితే బ్రేకులు తప్పనిసరి, కాలిఫోర్నియాలో 1,500కే. కంట్రోలర్ కొంటే ప్రపోర్షనల్ రకం తీసుకోండి. మీరు ఎంత గట్టిగా ఆపితే ట్రైలర్‌నూ అంతే ఆపుతుంది. ఖాళీ స్థలంలో 25 మైళ్ల వేగంలో చేతి మీట పూర్తిగా నొక్కి చూడండి. చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోతే గెయిన్ (బ్రేకు పట్టే బలం) ఒక మెట్టు తగ్గించండి. ఏడు పిన్నుల ప్లగ్‌లో సాధారణంగా బ్రేకుది నీలం తీగ, గ్రౌండ్‌ది తెలుపు. ఎడమ సిగ్నల్ వేస్తే అన్ని లైట్లూ మసకగా మిణుకుతున్నాయా? ముందు ఆ తెల్ల తీగ బోల్టు దగ్గర తుప్పు గీకండి. పది కేసుల్లో తొమ్మిది అక్కడే తీరతాయి.

అపోహ: బంతి ఏదైతేనేం, తాళం పడితే చాలు.

వాస్తవం: 2 అంగుళాల కప్లర్ (బంతిని పట్టే ట్రైలర్ ముక్కు గిన్నె) 1-7/8 అంగుళాల బంతి మీద కూడా క్లిక్‌మని పడుతుంది. మొదటి గుంత దగ్గర లేచి బయటికొస్తుంది. బంతి తలమీద సైజు చెక్కి ఉంటుంది, చదవండి. రక్షణ గొలుసులు ముక్కు కింద ఒకదాన్నొకటి దాటేలా తగిలిస్తే, కప్లర్ ఊడినా ముక్కు రోడ్డులో గుచ్చుకోకుండా వాటి ఒళ్లో పడుతుంది.

అపోహ: ఓవర్‌డ్రైవ్‌లో (అన్నిటికంటే పై గేరులో) ఉంచితే పెట్రోలు ఆదా.

వాస్తవం: కొండ ఎక్కుతూ గేర్ పైకీ కిందికీ వెతుక్కుంటుంటే ట్రాన్స్‌మిషన్ ఉడికిపోతుంది. ఆ బటన్ నొక్కి ఓవర్‌డ్రైవ్ ఆపేయండి. ట్రాన్స్‌మిషన్ నూనె వేడి 200 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు ఉంటే మంచిది, 220 దాటితే నూనె ఆయువు వేగంగా తరుగుతుంది. వేడి చూపే గేజ్, అదనపు కూలర్ రెండూ పెట్టించండి. షెవీ వ్యాన్లలో 1500లకు వచ్చిన 4ఎల్60ఈ ట్రాన్స్‌మిషన్ కంటే, చాలా 2500, 3500లకు వచ్చిన 4ఎల్80ఈ ఎంతో గట్టిది. లాగడానికే కొనేటట్టయితే బేరం అక్కడ నుంచి మొదలుపెట్టండి.

అపోహ: ఆల్టర్నేటర్ నుంచి నేరుగా తీగ లాగితే వ్యాన్ లోపలి లైట్ల కోసం పెట్టిన లిథియం బ్యాటరీ ఛార్జ్ అవుతుంది.

వాస్తవం: అవుతుంది, ఆల్టర్నేటర్ కాలిపోయే దాకా. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఇచ్చినంతా తాగేస్తుంది. ట్రాఫిక్‌లో ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ ఫ్యాను గాలి చాలదు. మధ్యలో కరెంటును హద్దులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి. పదిహేను అడుగుల దూరానికి 6 గేజ్ తీగ, ప్రతి బ్యాటరీ పాజిటివ్‌కు 7 అంగుళాల లోపే ఫ్యూజ్. మిన్నెసోటా చలిలో, 32 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లగా ఉన్నప్పుడు ఈ బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. చలిలో ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉన్నదే కొనండి.

అపోహ: వ్యాన్ గోడలో కిటికీ కోసి సిలికాన్ పూస్తే సరి.

వాస్తవం: కారడం తర్వాతి సంగతి, ముందు తుప్పు పడుతుంది. కోసిన అంచును ఆకురాయితో నునుపు చేసి, ప్రైమర్ వేసి, పెయింట్ ఆరాక, బ్యూటైల్ (అంటుకునే రబ్బరు) టేపు మీద కిటికీ బిగించండి. రేకు లోపలి పక్కటెముకలను కోయొద్దు. రాలిన ఇనుప రజను వ్యాక్యూమ్‌తో తీయకపోతే అది మొదటి వానకే గోధుమ రంగు చుక్కలుగా బయటపడుతుంది.