ముల్లంగికి తొందరెక్కువ

రాజమహేంద్రవరం,
కార్తీక మాసం.

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫోటో చూశాను. కుండీ నిండా ఆకు పచ్చగా, గుబురుగా ఉంది. పక్కనే మీరు పీకి పెట్టిన మొక్క అడుగున ఎలుక తోకంత వేరు వేలాడుతోంది. “తాతయ్యా, మా ముల్లంగికి ముల్లంగి ఎందుకు రాలేదు?” అన్న మీ ప్రశ్న చదివి మీ నాయనమ్మ పొద్దుటి నుంచి నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్నగా తోచలేదు. ఇరవై ఏళ్లుగా పెరట్లో ముల్లంగి వేస్తున్న నేను కూడా మొదటి రెండేళ్లు అదే ప్రశ్న వేసుకున్నాను.

మనం దుంప అని పిలిచేది నిజానికి ఆ మొక్క తల్లివేరు, దాని పైన కాండం మొదలయ్యే చోటు కలిసి లావెక్కిన భాగం. ముల్లంగి మొక్క ముందుగా ఆకులు వేసుకుంటుంది, ఆ ఆకులు ఎండలో తయారుచేసిన ఆహారంలో తనకు ఖర్చు కాగా మిగిలినదాన్ని వేరులో దాచుకుంటుంది. ముందు ముందు పూత పూయడానికీ, గింజ కట్టడానికీ ఆ నిల్వ దానికి కావాలి. మనం మధ్యలో వెళ్లి ఆ కొట్టును కాజేస్తున్నామన్నమాట. మిగులు ఉంటేనే కదా దాచుకోవడం! మీ బాల్కనీలో పొద్దున తొమ్మిదింటికే ఎండ తప్పుకుంటుందని మీ నాన్న చెప్పాడు. పైగా విత్తనాల పొట్లం మొత్తం ఒకే కుండీలో ఒంపేశారని కూడా తెలిసింది. చాలని ఎండ కోసం నలభై మొక్కలు పోట్లాడుకుంటే ఆకు పైకి సాగుతుంది తప్ప వేరుకు ఏమీ దిగదు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటు, మీ అపార్ట్‌మెంటు మేడ మీదైనా సరే, చూసుకోండి.

ఇప్పుడు మట్టి సంగతి చెబుతాను, ఎందుకంటే ముల్లంగి అందం సగం మట్టిలోనే ఉంది. ఇక్కడి గోదావరి లంకల్లో ఇసుక కలిసిన ఒండ్రు మట్టి ఉంటుంది. అందులో చేతివేళ్లతో నొక్కితే చాలు, గుంట పడుతుంది కాబట్టి వేరు అడ్డూ ఆపూ లేకుండా నిటారుగా దిగుతుంది. ఉద్యోగరీత్యా పల్నాటి వైపు నల్లరేగడి నేలల్లో ఉన్న రోజుల్లో అదే విత్తనం వేస్తే, ఎండిన రేగడి బిగుసుకుపోయి, ముల్లంగి రెండు కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషిలా వచ్చింది. వేరు కొసకు గట్టి పెళ్లగానీ రాయిగానీ తగిలినా, సరిగా చివకని పచ్చిపేడ తగిలినా, అది చీలి పంగలుగా పోతుంది. కాబట్టి కనీసం అడుగు లోతున్న కుండీ తీసుకుని, రెండు పాళ్లు తోటమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, రాళ్లు ఏరి నింపండి. యూరియా లాంటిది వేయవద్దు. నత్రజని ఎక్కువైతే మళ్లీ మీ ఫోటోలోని ఆకే వస్తుంది.

విత్తనాన్ని అర అంగుళం లోతున, వేలితో గాడి గీసి వేయాలి. నారు పోసి నాటడానికి ఇది వంకాయ కాదు. లేత తల్లివేరు పీకేటప్పుడు తెగినా, నాటేటప్పుడు వంగినా జీవితాంతం వంకరగానే ఉంటుంది. మూడు నుంచి అయిదు రోజుల్లో హృదయం ఆకారంలో రెండేసి బద్దాకులు, అంటే మొలకకు వచ్చే మొట్టమొదటి ఆకులు, పైకి వస్తాయి. ఆవ మొలకలను కూడా ఎప్పుడైనా చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయని మీకే తెలుస్తుంది, ఎందుకంటే ముల్లంగి, ఆవ, క్యాబేజీ, కాలీఫ్లవరు ఒకే కుటుంబానివి. పది పన్నెండు రోజులకు మీకు కష్టమనిపించే పని ఒకటుంది. మొక్కకూ మొక్కకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండేలా మిగిలినవి పీకేయాలి. మీ చెల్లికి జాలి వేస్తుందని నాకు తెలుసు. పీకిన లేత మొక్కలను పారేయనక్కరలేదు, కడిగి పప్పులో వేయమని అమ్మకు ఇవ్వండి.

నీళ్లు కొద్దికొద్దిగా, తప్పకుండా పోయండి. నాలుగు రోజులు మరచిపోయి అయిదో రోజు కుండీ పొంగేలా పోస్తే, బిగుసుకున్న దుంప ఒక్కసారిగా నీరు పీల్చి నిలువునా పగులుతుంది. ఆకు వెనక పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

ఇక అసలు సంగతికి వస్తాను. కంద, పెండలం నేలలో మన కోసం ఎదురు చూస్తాయి. ముల్లంగి చూడదు. నేను పంపుతున్న పూసా చేత్‌కీ రకం ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి వచ్చింది, వేడిని తట్టుకుంటుంది, నలభై నుంచి నలభై అయిదు రోజుల్లో తయారవుతుంది. ఆ గడువు దాటితే ఏమవుతుందో నాకు ఒక సంక్రాంతి నేర్పింది. ఆ ఏడు నవంబరు మొదట్లో వేసిన మడి డిసెంబరు మధ్యకల్లా చక్కగా ఊరింది. తెల్లని భుజాలు మట్టి పైకి తేలి కనిపిస్తున్నాయి. మీరందరూ పండక్కి వస్తారు కదా, మీ చేతులతోనే పీకిద్దామని నేను ఆగాను. నెల్లాళ్లు! దుంపలు ఇంకా లావెక్కాయి, నేనూ మురిసిపోయాను. భోగి నాడు మీరు పీకినప్పుడు చేతిలో పట్టుకుంటే, ఆ లావుకు ఉండవలసిన బరువు లేదు. నాయనమ్మ కత్తి పెడితే “కరక్” మనవలసింది మెత్తగా దిగింది. చక్రం మధ్యలో తెల్లని దూదిలాంటి బెండు, ఆ బెండు మధ్య చిటికెన వేలు దూరేంత బోలు. ఆరోజు సాంబారులోకి సంత నుంచి తెచ్చిన ముల్లంగే పడింది. మీకు గుర్తుండదు, అప్పటికి మీరు మరీ చిన్నవాళ్లు.

ముల్లంగిని కావాలని ముదరబెట్టే చోటు ప్రపంచంలో ఒకటి ఉంది. మెక్సికో దేశంలోని వహాకా నగరంలో 1897 నుంచి ఏటా డిసెంబరు 23న ముల్లంగి బొమ్మల పోటీ జరుగుతుంది. అందుకోసం దుంపలను నేలలోనే చాలా కాలం వదిలేసి, పెద్దగా, వంకరటింకరగా పెరగనిచ్చి, వాటిని మనుషులుగా, జంతువులుగా చెక్కుతారు. తినడానికి మాత్రం వాటిని ఎవరూ ఆశించరు.

కాబట్టి విత్తిన తేదీని కుండీ మీద సుద్దముక్కతో రాసుకోండి. ముప్పై అయిదో రోజు నుంచి ప్రతి ఉదయం దుంప భుజం దగ్గర మట్టిని వేలితో కొంచెం పక్కకు తోసి చూడండి. భుజం రెండు వేళ్ల మందం ఉంటే ఆ సాయంత్రం నీళ్లు పోసి, మర్నాడు ఆకుల మొదలును గుప్పిట పట్టి నిలువుగా లాగండి. అన్నీ ఒకేసారి పీకనక్కరలేదు, లావైనవి ముందు తీస్తే పక్కవాటికి చోటు దొరుకుతుంది.

పీకిన వెంటనే చేయవలసిన పని ఆకులు కోయడం. ఆకులతో కట్ట కట్టి ఉంచితే చూడడానికి బాగుంటుంది గానీ, ఆకు తన తేమ ఆవిరవుతున్నంతసేపూ దుంపలోని నీటిని పైకి లాగుతూనే ఉంటుంది. దుంపలో నూటికి తొంభై అయిదు పాళ్లు నీరే కాబట్టి సాయంత్రానికల్లా అది రబ్బరులా వంగుతుంది. అంగుళం తొడిమలు ఉంచి కోసి, ఆకును ఆ పూటే పప్పులోనో వేపుడులోనో వాడేయండి. దాని నూగు చేతికి గరుకుగా తగిలినా ఉడికితే తెలియదు. దుంపలను కడగకుండా మట్టి మాత్రం దులిపి, తడిపి పిండిన గుడ్డలో చుట్టి, చిల్లులున్న కవరులో పెట్టి ఫ్రిజ్‌లో కూరల అరలో ఉంచితే రెండు వారాలు గట్టిగా ఉంటాయి. మా ఇంట్లో ఫ్రిజ్ లేని రోజుల్లో మా అమ్మ మట్టికుండలో తడి ఇసుక పోసి, దుంపలను ఒకదానికొకటి తగలకుండా అందులో పాతి, వంటింటి చీకటి మూలన పెట్టేది. నాలుగైదు రోజులకు లోటుండేది కాదు.

అంతకుమించి నిల్వ చేయాలని ఆశపడవద్దు. ముల్లంగిని దాచడానికి నాకు తెలిసిన మంచి ఉపాయం, దాన్ని విత్తనంగానే దాచుకుని దఫదఫాలుగా వేయడం. ఘాటెక్కువని నువ్వు తినడం మానేశావని విన్నాను నాన్నా. ఆ ఘాటు కోసినప్పుడే పుడుతుంది. దుంపలో విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కత్తి తగలగానే కలుస్తాయి, తొక్క దగ్గర అది మరీ ఎక్కువ. తొక్క తీసి, తురిమి, ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచి, నీరు పిండి, పెరుగులో కలిపి తాలింపు పెట్టమను. చలికాలపు దుంపకు ఘాటు ఎలాగూ తక్కువే.

ఈ ఉత్తరంతో పాటు మూడు కాగితపు పొట్లాలు ఉన్నాయి, ఒక్కొక్క దాంట్లో పన్నెండు గింజలు. మొదటిది ఈ ఆదివారం, రెండోది పదిహేను రోజులకు, మూడోది మరో పదిహేను రోజులకు వేయండి. రెండు మూడు మొక్కలను మాత్రం పీకకుండా వదిలేయండి. దుంప పాడవుతుంది, పోనివ్వండి. నాలుగేసి రేకుల తెల్లని పూలు, తరవాత లేత పచ్చని కాయలు వస్తాయి. ఆ కాయలను పచ్చివే కొరికి చూసి, రుచి ఎలా ఉందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య