వైఫై ఉంది, నెట్ లేదు

"మామయ్యా, వైఫై ఉంది కానీ నెట్ లేదు."

తెనాలి నుంచి మా మేనకోడలి ఫోను. టైము పదింబావు. పదకొండింటికి దానికి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. అప్పటికే ల్యాప్‌టాప్‌ని నాలుగుసార్లు రీస్టార్ట్ చేసిందట, రౌటర్ స్విచ్ రెండుసార్లు ఆపి వేసిందట. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

నాకు మాత్రం ఆ మాట భలే నచ్చింది. వైఫై వేరు, నెట్ వేరు అని తెలిసో తెలియకో చెప్పేసింది. వైఫై అంటే ల్యాప్‌టాప్‌కీ, ఇంట్లో ఉన్న ఆ డబ్బాకీ మధ్య గాలిలో జరిగే వ్యవహారం, అంతే. డబ్బా వెనక నుంచి గోడ కన్నంలో దూరి బయటికి పోయే తీగ మీద వచ్చేది నెట్. మొదటిది పది పదిహేను మీటర్ల సంగతి, రెండోది సముద్రాలు దాటే సంగతి. స్క్రీన్ మూలన విసనకర్రలా కనిపించే బొమ్మ నిండుగా ఉందంటే మొదటిది బాగుందని మాత్రమే అర్థం.

"ఫోన్లో వస్తోందా?" అని అడిగాను.

"వస్తోంది మామయ్యా, ల్యాప్‌టాప్‌లోనే రావట్లేదు."

ఈ సాక్ష్యాన్ని వెంటనే నమ్మకూడదు. వైఫైలో నెట్ ఆగితే చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. మనమేమో ఫోన్లో వస్తోంది కదా, తప్పు ల్యాప్‌టాప్‌దే అనుకుని దాని మీద పడతాం. మొబైల్ డేటా ఆపి చూడమన్నాను. ఆపింది. ఫోన్లోనూ రావట్లేదు. ల్యాప్‌టాప్ తప్పేమీ లేదని అక్కడే తేలిపోయింది.

"డబ్బా మీద ఎర్ర లైటేమన్నా వెలుగుతోందా?"

"ఆఁ, ఎల్ఓఎస్ అని రాసిన చోట."

లాస్ ఆఫ్ సిగ్నల్ అన్నమాట. ఫైబర్ కనెక్షన్‌లో నెట్ వచ్చేది వెలుగు రూపంలో. గాజు తీగలోంచి ఆ వెలుగు రావడం ఆగిపోతే డబ్బా పెట్టే మొర అది. పొద్దున్నే వీధిలోంచి గడ్డి ట్రాక్టర్ ఒకటి వెళ్ళిందనీ, ఏదో తీగ తెగి వేలాడుతోందనీ వెనక నుంచి మా అక్క కేకేసి చెప్పింది. ఇంకేముంది! ఫోన్లో మొబైల్ డేటా మళ్ళీ వేయించి, హాట్‌స్పాట్ పెట్టించి, ల్యాప్‌టాప్‌ని దానికి కలిపించాను. ఇంటర్వ్యూ గడిచింది.

అసలు నెట్ లేదన్న సంగతి ల్యాప్‌టాప్‌కి ఎలా తెలుస్తుంది? విండోస్ చేసే పని చాలా మామూలుది. వైఫైకి కలవగానే మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న ఫైలు తెప్పించుకుంటుంది. అందులో ఉండేది మూడే మాటలు: మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు వస్తే నెట్ ఉన్నట్టు. ఏమీ రాకపోతే "నో ఇంటర్నెట్". వాటికి బదులు వేరే పేజీ ఏదైనా వస్తే, లాగిన్ అడిగే చోటులో ఉన్నామని దానికి అర్థమవుతుంది. రైల్వే స్టేషన్లోనో హోటల్లోనో వైఫైకి కలవగానే ఫోన్ నంబరు, ఓటీపీ అడుగుతూ పేజీ తెరుచుకునేది అందుకే. ఒక్కోసారి ఆ పేజీ తనంతట తాను తెరుచుకోదు. అప్పుడు బ్రౌజర్‌లో తాళం గుర్తు లేని, అంటే ఎస్ లేని హెచ్‌టీటీపీతో మొదలయ్యే సైటు ఏదైనా కొడితే అది బయటపడుతుంది.

ఇక గాలిలో జరిగే వ్యవహారానికి వద్దాం. సరదా అంతా అక్కడే ఉంది.

రౌటర్ సెకనుకు సుమారు పదిసార్లు తన పేరు చెప్పుకుంటూ ఉంటుంది. వినేవాళ్ళున్నా లేకపోయినా సరే. ల్యాప్‌టాప్‌లో వైఫై నొక్కగానే కనిపించే పేర్ల జాబితా అలా వినిపించిన పేర్లే. ఇంటి పేరు అందులో లేదంటే రౌటర్ ఆగిపోయి ఉండాలి, లేదా దూరమై ఉండాలి, లేదా అది మాట్లాడే పట్టీ (బ్యాండ్, అంటే రేడియో తరంగాలకి కేటాయించిన మేర) మీ ల్యాప్‌టాప్‌కి వినపడనిదై ఉండాలి. మూడోది పాత ల్యాప్‌టాప్‌లలో మామూలే. వాటిలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్‌జ్ తప్ప 5 గిగాహెర్ట్‌జ్ తెలియదు. పేరు చివర 5జి అని ఉన్న వైఫై ఫోన్లో కనిపించి ల్యాప్‌టాప్‌లో కనిపించకపోవడానికి కారణం ఇదే. అన్నట్టు, ఆ 5జికీ మొబైల్ 5జికీ ఏ చుట్టరికమూ లేదు. ఇక్కడ జి అంటే గిగాహెర్ట్‌జ్, అక్కడ జి అంటే తరం.

అసలు ఏ పేర్లూ కనిపించకపోతే మాత్రం ముందు ఫ్లైట్ మోడ్ చూడండి. కీబోర్డు పై వరసలో విమానం బొమ్మ ఉన్న మీట మీద పొరపాటున వేలు పడడం ఎంత మామూలో చెప్పలేను.

2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీ ఊరి ఉమ్మడి బీడు లాంటిది. లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. అమెరికాలో 1985లో ఇలా కమ్యూనికేషన్‌కి తెరిచారు, మన దేశంలో 2005లో. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణం సెకనుకు 2 మెగాబిట్లే మోసేది. బ్లూటూత్ మౌస్, పక్కింటి రౌటర్, వంటింటి మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ ఈ బీడులోనే మేస్తాయి. ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్‌జ్ దగ్గర. రౌటర్ విసిరేది పదో వంతు వాట్ అయితే, ఓవెన్ లోపల తిరిగేది ఏడెనిమిది వందల వాట్లు. తలుపు సందుల్లోంచి బయటికి వచ్చేది మనకు హాని చేయనంత కొంచెమే. కానీ వైఫై చెవికి అది కూడా మైకు సెట్టు రొదే. అన్నం వేడిచేసిన ఆ రెండు నిమిషాలే వీడియో ఆగుతోందంటే కారణం వెతుక్కోనక్కర్లేదు.

ఇంకో దొంగ ఉంది, దాన్నెవరూ అనుమానించరు. ల్యాప్‌టాప్‌కి గుచ్చిన యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్. అది డేటా పంపే వేగం వల్ల పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 చుట్టుపక్కలే పడుతుంది. ఇంటెల్ కంపెనీ దీన్ని కొలిచి 2012లో బయటపెట్టింది. ఫైళ్ళు కాపీ అవుతున్నంతసేపూ వైఫై నీరసపడితే డిస్క్‌ని పొడవాటి కేబుల్‌తో కాస్త దూరంగా పెట్టి చూడండి, లేదా 5 గిగాహెర్ట్‌జ్‌కి మారండి.

రెండు పరికరాలు ఒకేసారి మాట్లాడితే ఏ మాటా అర్థం కాదు. అందుకని వైఫైలో ఓ మర్యాద ఉంది. మాట్లాడే ముందు ప్రతి పరికరమూ ఆగి వింటుంది. ఎవరూ మాట్లాడడం లేదనిపిస్తే మనసులో ఏదో ఒక అంకె అనుకుని, అంతవరకూ లెక్కపెట్టుకుని (ఒక్కో అంకెకి సెకనులో పది లక్షల వంతులు ఓ తొమ్మిది పడుతుంది), అప్పుడు నోరు తెరుస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు ఒకే ఛానెల్ మీద, అంటే పట్టీలో ఒకే ముక్క మీద ఉంటే అందరికీ ఇలా ఆగడంతోనే సరిపోతుంది. గీతలన్నీ నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోకపోవడం వెనక ఉన్న కథ ఇది. గీతలు చెప్పేది రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో మాత్రమే. సంతలో నిలబడి మాట్లాడుకుంటున్నారో, గుడిలోనో అవి చెప్పవు.

2.4లో మన దగ్గర 13 ఛానెళ్ళు ఉన్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. మిగతావి చాపల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి పరిచి ఉంటాయి. తెలివిగా ఎవరూ లేని 3ని ఎంచుకున్నాననుకునేవాళ్ళు నిజానికి 1తోనూ 6తోనూ కూడా కొట్లాడుతుంటారు. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూస్తే ఏ ఛానెల్ మీద ఎంత గుంపు ఉందో తెలుస్తుంది. 5 గిగాహెర్ట్‌జ్‌లో చోటు ఎక్కువ. కాకపోతే గోడలు దాటడంలో దాని సత్తువ తక్కువ.

గోడలంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో పడకగదిలో సిగ్నల్ ఉండేది కాదు. రౌటర్‌కీ మంచానికీ మధ్య అడ్డంగా ఏముందో చూస్తే, ఇనప బీరువా. ఆరడుగుల ఎత్తు ఇనుము, దాని తలుపుకి అద్దం. అద్దం వెనక పూత కూడా లోహమే. రేడియో తరంగాలు లోహాన్ని తాకితే వెనక్కి తిరిగిపోతాయి. నీళ్ళు వాటిని మింగేస్తాయి, కాబట్టి రౌటర్‌ని వాటర్ ట్యాంక్ పక్కనో ఫిష్ ట్యాంక్ వెనకో పెట్టడం కూడా దండగే. టీవీ కింద అరలో, వైర్ల గుట్ట వెనక దాచేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, అది పూజ గదిలో దీపం అనుకోండి. ఎత్తుగా, నలుగురికీ కనిపించేలా పెట్టాలి.

ఇంకో వింత ఉంది. ల్యాప్‌టాప్‌ని జానెడు పక్కకి జరిపితే సిగ్నల్ మారిపోతుంది. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. గోడలకీ బీరువాకీ తగిలి రకరకాల దారుల్లో వచ్చిన తరంగాలు ఒక చోట కలిసి బలపడతాయి, కొన్ని సెంటీమీటర్ల అవతల ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఈ ప్రతిధ్వనుల గందరగోళాన్ని దాటే పద్ధతుల్లో ముఖ్యమైన ఒకటి ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో 1990లలో తయారైంది. ఆ బృందాన్ని నడిపిన జాన్ ఓ సలివన్ రేడియో ఖగోళ శాస్త్రజ్ఞుడు. అంతకు ముందు ఆయన వెతికింది పేలిపోయే బుల్లి కృష్ణబిలాల సంకేతాలను. అవి దొరకలేదు. చెదిరిన సంకేతాన్ని ఏరి కూర్చే ఆ గణితం మాత్రం ఇళ్ళలోకి వచ్చింది.

మన ల్యాప్‌టాప్‌కి చేరే సిగ్నల్ ఎంత సన్ననిదో తెలిస్తే కోపం కాస్త తగ్గుతుంది. మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) అని యాప్‌లో కనిపించిందంటే అందింది ఒక వాట్‌లో వెయ్యి కోట్లో వంతు. దాంతోనే పేజీలు తెరుచుకుంటాయి. మైనస్ 80 కన్నా కిందికి దిగితే కష్టం.

దాన్ని పట్టుకునే యాంటెన్నా ఎక్కడుంటుందో చాలామందికి తెలియదు. చాలా ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్ చుట్టూ ఉన్న చట్రంలో ఉంటుంది. అక్కడి నుంచి దారాల్లాంటి రెండు వైర్లు, తరచూ ఒకటి నల్లది ఒకటి తెల్లది, హింజ్ (స్క్రీన్ మడిచే కీలు) లోంచి దిగి లోపలి వైఫై కార్డుకి కలుస్తాయి. ఓసారి నా ల్యాప్‌టాప్ హింజ్ విరిగితే ఒక షాపులో బాగుచేయించాను. ఇంటికొచ్చాక రౌటర్ పక్కన కూర్చుంటే నెట్ పరుగులు, పక్క గదికి వెళితే సున్నా. వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) తీసి మళ్ళీ వేశాను, విండోస్‌ని తిట్టాను, రౌటర్ మార్చేద్దామనుకున్నాను. వారం తర్వాత అడుగు మూత విప్పి చూస్తే నల్ల వైరు చివర ఉన్న మిరియం గింజంత ఇత్తడి టోపీ కార్డు మీద కూర్చోకుండా పక్కన పడి ఉంది. గోటితో నొక్కితే టిక్‌మంది. అంతే.

పేరు కనిపించి, నొక్కినా కలవకపోతే సమస్య తరచూ పాస్‌వర్డ్ దగ్గరే. రౌటర్‌లో పాస్‌వర్డ్ మార్చి, ల్యాప్‌టాప్‌లో పాతది మిగిలి ఉంటే జరిగేది ఇదే. ఆ పేరు మీద ఫర్గెట్ నొక్కి కొత్తగా కలవాలి. ఇక్కడ ఓ అందమైన సంగతి, పాస్‌వర్డ్ గాలిలోకి ఎప్పుడూ వెళ్ళదు. రెండు వైపులా ఉన్న రహస్యం ఒకటేనా అని నాలుగు ఉత్తరాల్లో లెక్కలు సరిచూసుకుంటారు తప్ప, రహస్యాన్ని పైకి అనరు.

కలిసినా నెట్ రాకపోతే ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు, చూడండి. మామూలుగా దాన్ని రౌటరే ఇస్తుంది. 192.168తో మొదలైతే మామూలే. 169.254తో మొదలైందంటే, నంబరు ఇమ్మని ల్యాప్‌టాప్ అడిగి అడిగి, ఎవరూ పలక్కపోతే తనే ఓ నంబరు పెట్టుకుందని అర్థం. రౌటర్ ఆపి వేస్తే నయమయ్యే జబ్బు ఇది. ఆఫీసులో ఎవరో చేత్తో పెట్టిన అడ్రస్ ఇంటికొచ్చాక కుదరకపోవడమూ ఉంటుంది, దాన్ని ఆటోమేటిక్‌కి మార్చాలి.

తర్వాత విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ (ping, అవతలివాళ్ళు పలుకుతున్నారా అని పిలిచి చూడడం) అని కొట్టి పక్కన రౌటర్ అడ్రస్ ఇవ్వండి, ఎక్కువగా 192.168.1.1. జవాబొస్తే ఇంటి లోపల అంతా బాగుంది. ఆపైన పింగ్ 8.8.8.8. అది గూగుల్ సర్వర్ నంబరు. దానికీ జవాబొచ్చి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర అడ్డు పడిందన్నమాట. సైట్లన్నీ "కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని బెదిరిస్తుంటే గడియారం చూడండి. ల్యాప్‌టాప్‌లో తేదీ ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోతే సైట్ల సర్టిఫికెట్లు, అంటే గడువు తేదీలున్న వాటి గుర్తింపు పత్రాలు, ఏవీ చెల్లవు.

తెనాలిలో సాయంత్రం ఐదింటికి కేబుల్ అబ్బాయి వచ్చాడు. మేనకోడలు వీడియో తీసి పంపింది. స్తంభానికి నిచ్చెన ఆనించి, తెగిన రెండు కొసల్నీ దింపి, మా అక్కావాళ్ళ అరుగు మీద కూర్చున్నాడు. పై తొడుగు ఒలిచి, లోపలి గాజు పోగుని స్పిరిట్‌తో తుడిచి, పదునైన బ్లేడు మీద పెట్టి కోశాడు. ఆ పోగు మందం 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), ఇంచుమించు లావుపాటి వెంట్రుకంత. వెలుగు నడిచే నడిమి దారి అందులో 9 మైక్రాన్లే. రెండు పోగుల్నీ టిఫిన్ డబ్బా అంత మిషన్లో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. తెరమీద రెండు కొసలూ దగ్గరికి జరిగాయి, నిప్పురవ్వ ఒకటి మెరిసింది, అతుకు కనపడకుండా ఒక్కటైపోయాయి. లోపల ఎర్ర లైటు ఆరిందా అని అబ్బాయి అడిగాడు. "ఆరింది, ఆరింది" అని లోపల్నుంచి మా అక్క కేక. వీడియో అక్కడితో ఆగింది. దాన్ని మేనకోడలు పంపింది మాత్రం ఇంటి వైఫై మీదే.