వణుకు ఆగితే మంచిదే అనుకున్నాం

చలికి మనుషులు చచ్చిపోతారంటే మన నెల్లూరు వైపు ఎవరూ నమ్మరు. మే నెల ఎండకి రోడ్డు మీద తారు కరుగుతుంటుంది, సంక్రాంతికి కూడా ఫ్యాను కింద పడుకుంటాం, ఇంక చలి ఎక్కడిది? అదంతా హిమాలయాల్లో మిలిటరీ వాళ్ళకి వచ్చే కష్టం అనుకునేవాణ్ణి నేనూ, 2021 నవంబర్ దాకా.

ఆ నెలలో పెన్నా పొంగింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలారు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. మా చిన్నాయనకి అప్పటికి 68 ఏళ్ళు. గొడ్లను వదిలి రానని కొట్టం దగ్గరే ఉండిపోయి, రాత్రి నీళ్ళు నడుము దాకా వచ్చాక పక్కింటి మిద్దె ఎక్కాడు. తల మీద కప్పు లేదు, తెల్లవార్లూ వాన, ఈదురుగాలి, ఒంటికి అంటుకుపోయిన తడి పంచె, చొక్కా, పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు, పైగా షుగరు.

పొద్దున పడవలో తీసుకొచ్చేసరికి ఆయన వణకడం లేదు. నాకు ప్రాణం కుదుటపడింది. "చలేస్తా ఉందా చిన్నాయనా?" అంటే "లేదురా, బాగానే ఉండాది" అన్నాడు, కానీ మాట ముద్దగా వచ్చింది, నిద్రలో మాట్లాడినట్టు. తడి చొక్కా విప్పుకుంటాడని చూస్తే పై గుండీ దగ్గరే ఆగిపోయాడు. వేళ్ళు గుండీ మీద జారుతున్నాయి, పట్టు దొరకడం లేదు, కాసేపటికి అసలు ఎందుకు చెయ్యి పైకెత్తాడో మర్చిపోయినట్టు అలాగే కూర్చుండిపోయాడు. పక్కనున్నాయన "మందేసినట్టుండాడే" అన్నాడు. మా చిన్నాయన జన్మలో తాగి ఎరగడు.

జ్వరమేమోనని ఇంట్లో ఉన్న పాదరసం థర్మామీటర్ చంకలో పెట్టాం. పాదరసం బుడ్డిలోంచి పైకి రాలేదు. పాడైందనుకుని నా చంకలో పెట్టుకుంటే 97 చూపించింది. అప్పుడు దాన్ని వెలుతురులో తిప్పి చూశాను. గీతలు 94 దగ్గర మొదలవుతున్నాయి. దాని కింద కొలవాల్సిన అవసరం ఇళ్ళల్లో వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబోలు.

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా, అంటే 95 ఫారెన్‌హీట్ కన్నా తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. మామూలుగా ఉండేది 37. తేడా రెండే డిగ్రీలు. దీనికి మంచు అక్కర్లేదు, తడి, గాలి, టైము ఉంటే చాలు. నీళ్ళు ఒంట్లో వేడిని గాలి కన్నా పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి. తడి బట్ట మీద గాలి కొడుతుంటే ఆ నీళ్ళు ఆవిరవుతూ ఇంకా లాగుతాయి. ఎండాకాలం కుండలో నీళ్ళు ఎలా చల్లబడతాయో ఆ రాత్రి మా చిన్నాయన ఒళ్ళు కూడా అలాగే చల్లబడింది. మన సముద్రం డిసెంబర్‌లో కూడా 25 డిగ్రీల పైనే ఉంటుంది, దిగితే హాయిగానే ఉంటుంది. కానీ 37 డిగ్రీల ఒంటికి అది చల్లటి నీళ్ళే. బోటు తిరగబడి రాత్రంతా ఖాళీ క్యాను పట్టుకుని తేలిన మనిషి మునగకపోయినా చలికి సొమ్మసిల్లే ప్రమాదం ఉంది.

మొదట చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. చేతులు, కాళ్ళకి పోవాల్సిన రక్తాన్ని ఒళ్ళు గుండె, మెదడు ఉన్న వైపు మళ్ళిస్తుంది. వేళ్ళు కొంకర్లు పోవడం అందుకే, అక్కడి నరాలు, కండరాలు చల్లబడి మొద్దుబారతాయి. లోపల ఒక్కసారిగా రక్తం ఎక్కువైనట్టు కనపడేసరికి కిడ్నీలు నీళ్ళు బయటికి పంపేస్తాయి. వానలో తడిస్తే ఒంటికి పోవాలనిపించేది దీనివల్లే. ఆ తర్వాత వణుకు. వణుకంటే మనకి నీరసం గుర్తు, నిజానికి అది కండరాలు కష్టపడి వేడి పుట్టించడం, కూర్చున్నప్పటి కన్నా అయిదు రెట్ల దాకా పుట్టించగలవు. దానికి తిండి కావాలి. పస్తుతో ఉన్నవాళ్ళలో, ముసలివాళ్ళలో ఆ వణుకు తొందరగా అలిసిపోతుంది.

వేడి 32 దగ్గరికి దిగేసరికి వణుకు తగ్గుతూ వచ్చి ఆగిపోతుంది. బయటి నుంచి చూసేవాళ్ళకి మనిషి కుదుటపడ్డట్టే కనిపిస్తాడు. ఆయనకీ అలాగే అనిపిస్తుంది, చలి తెలియదు, నిద్ర ముంచుకొస్తుంది, ఎవరైనా కదిలిస్తే విసుగు. మెదడు మందగించింది కాబట్టి తనకేదో అవుతోందన్న సంగతి కూడా తట్టదు. ఇంకా చల్లబడ్డాక కొందరు ఒళ్ళు మండుతోందని ఉన్న బట్టలు కూడా విప్పేస్తారు. ముడుచుకున్న రక్తనాళాలు పట్టు తప్పి తెరుచుకోవడం వల్ల చర్మం మీదికి ఒక్కసారి వేడి రక్తం వస్తుందని డాక్టర్ల అంచనా. 28 కన్నా కిందికి పోతే గుండె లయ తప్పుతుంది, మోటుగా కదిలించినా ఆగిపోవచ్చు.

ఇదే చల్లదనం ఒక్కోసారి మెదడుని కాపాడుతుంది కూడా, చల్లబడ్డ మెదడుకి ఆక్సిజన్ తక్కువ సరిపోతుంది. 1999లో నార్వేలో ఆనా బోగన్‌హోల్మ్ అనే డాక్టరు స్కీయింగ్ చేస్తూ గడ్డకట్టిన వాగులో పడి 80 నిమిషాలు ఇరుక్కుపోయింది. ఒంటి వేడి 13.7 డిగ్రీలకి దిగింది, గుండె ఆగిపోయింది. రక్తాన్ని బయటికి తీసి వేడి చేసి ఎక్కించారు. బతికింది. చల్లబడ్డ మనిషి నాడి అందలేదని గబుక్కున వదిలెయ్యకూడదని డాక్టర్లు చెప్పేది ఇలాంటివి చూసే.

పుట్టిన బిడ్డల గురించి కూడా చెప్పాలి, వాళ్ళకి వణకడమే రాదు. కాన్పు కాగానే స్నానం చేయించే తొందర మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తుడిచి, తల్లి గుండెల మీద పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పితే చాలు.

ఆ రోజు మేం దాదాపు అన్నీ తప్పులే చేశాం. కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దాం, చితుకులు అంటించి మంట పక్కన కూర్చోబెట్టాం (మొద్దుబారిన చర్మం కాలినా తెలియదు), ఎవరో నడిపిస్తే వేడి పుడుతుందన్నారు. ఒకాయన బ్రాందీ తెచ్చాడు, అది తాగించి ఉంటే చర్మంలో నాళాలు తెరుచుకుని ఉన్న వేడి కూడా పోయేది. దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చేసరికి అక్కడి డిజిటల్ థర్మామీటర్ చంకలో 32.6 చూపించింది. డాక్టరమ్మ మమ్మల్ని పక్కకి జరగమని, తడి బట్టలు కత్తిరించి తీయించి, కదలకుండా పడుకోబెట్టి తుడిపించి, తలకి తువ్వాలు చుట్టి, రెండు దుప్పట్లు కప్పించింది. సీసాల్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి గుడ్డ చుట్టి చంకల్లో, రొమ్ము పక్కన పెట్టించింది. షుగరు చూసి సెలైన్ కూడా వెచ్చబెట్టే పెట్టించింది.

గంటన్నర తర్వాత చిన్నాయనకి వణుకు మొదలైంది. మంచం ఊగిపోయేంత వణుకు, పళ్ళు టకటకమంటున్నాయి. మా చిన్నమ్మ భయపడి ఏడుస్తూ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఆమె వచ్చి చూసి, ఆ పూట మొదటిసారి నవ్వి, "వణకనీయమ్మా" అంది. చిన్నాయన కళ్ళు తెరిచి ఇంకో దుప్పటి అడిగాడు.